చేతిలో ఎన్ని పనులుండాలి?

ఒక కేకుల దుకాణంలో చెల్లే గిఫ్ట్ కూపన్లు కొంతమందికి పంచారు. సగం మంది కూపన్ల మీద మూడు వారాల గడువు ఉంది, మిగతా సగం వాటి మీద రెండు నెలలు. గడువు ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా వాడుకుంటారని ఎవరైనా అనుకుంటారు, ముందుగా అడిగినప్పుడు జనం కూడా అదే చెప్పారు. తీరా చూస్తే మూడు వారాల వాళ్లలో 31 శాతం మంది దుకాణానికి వెళ్లారు, రెండు నెలల వాళ్లలో 6 శాతం మంది. సుజాన్ షు, అయెలెట్ గ్నీజీ 2010లో ప్రచురించిన ప్రయోగం ఇది. అందులో చేయాల్సిన పనల్లా వెళ్లి కేకు తినడం. దాన్నే ఇంతలా వాయిదా వేస్తుంటే ఇక ఇన్‌కంటాక్స్ రిటర్నుల సంగతి చెప్పాలా?

పనికి ఎంత టైమిస్తే అంతా తినేస్తుందని బ్రిటిష్ చరిత్రకారుడు నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ‘ది ఎకనమిస్ట్’ పత్రికలో రాశాడు. ఆ వ్యాసం సగం వెటకారమే అయినా అందులోని అంకెలు బ్రిటిష్ నౌకాదళానివి. 1914లో 62 పెద్ద యుద్ధనౌకలుంటే 1928 నాటికి 20 మిగిలాయి. అదే కాలంలో ఆ నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీ ఆఫీసు ఉద్యోగులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. మన ఇంట్లోనూ అంతే. ఆదివారమంతా ఖాళీ అనుకుంటే బీరువా సర్దడం చీకటి పడేదాకా సాగుతుంది. పదకొండింటికి చుట్టాలొస్తున్నారని ఫోనొస్తే అరగంటలో అయిపోతుంది.

అయితే గడువంటూ ఒకటి ఉంటే చాలదు, అది ఎక్కడ పడుతుందో చూడాలి. డాన్ ఎరీలీ, క్లాస్ వెర్టెన్‌బ్రాక్ 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 60 మంది విద్యార్థులకు ప్రూఫులు దిద్దే పని ఇచ్చారు. మూడు పాఠాలు, ఒక్కోదాంట్లో కావాలని పెట్టిన వంద తప్పులు. పట్టుకున్న ప్రతి తప్పుకూ పది సెంట్లు ఇస్తారు, ఆలస్యమైతే రోజుకో డాలరు కోస్తారు. ఒక జట్టు వారానికొక పాఠం ఇవ్వాలి. ఇంకో జట్టు మూడూ కలిపి మూడు వారాల చివర ఇస్తే చాలు. మూడో జట్టువాళ్లు తేదీలు తామే పెట్టుకోవచ్చు. వారం వారం ఇచ్చినవాళ్లు అందరికన్నా ఎక్కువ తప్పులు పట్టారు. అన్నీ చివర్లో ఇచ్చినవాళ్లు అందరికన్నా తక్కువ పట్టారు, ఆలస్యం కూడా వాళ్లదే ఎక్కువ. సొంతంగా తేదీలు పెట్టుకున్నవాళ్లు మధ్యలో నిలిచారు. అంటే మన బద్ధకం సంగతి మనకు తెలుసు, దానికి ఎంత గట్టి కళ్లెం వేయాలో మాత్రం సరిగ్గా అంచనా వేసుకోలేం.

ఈ ప్రయోగం గురించి చెప్పేటప్పుడు చాలామంది దాటేసే విషయం ఒకటుంది. గడువు వల్ల పని తక్కువ టైములో తేలిపోయిందా అంటే, లేదు. పని మీద ఎక్కువసేపు కూర్చున్నది వారం గడువు వాళ్లే. చివరి తేదీ వాళ్లు ఆఖర్న కూర్చుని చకచకా తేల్చేశారు. ఆ పని ఎలా ఉందని అడిగితే, అందరికన్నా తక్కువ నచ్చింది కూడా వారం గడువు వాళ్లకే! ఎక్కువసేపు చదివితే విసుగూ ఎక్కువే వస్తుంది మరి. కాబట్టి హద్దు పెట్టుకుంటే హాయిగా ఉంటుందని మాటిచ్చే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలను నేను పెద్దగా నమ్మను.

అసలు నన్నడిగితే గడువు రెండో మందు. మొదటిది, చేతిలో ఉన్న పనుల సంఖ్యకు హద్దు పెట్టుకోవడం.

శ్రావణమాసంలో జాకెట్లు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లి చూడండి. మిషను పక్కన కవర్ల గుట్ట ఉంటుంది. ప్రతి కవర్లో జాకెట్టు ముక్క, లైనింగ్ గుడ్డ, కొలత జాకెట్టు. ఆవిడ రోజుకు ఐదు కుడుతుందనుకుందాం. చేతిలో 20 ఉంటే ఒక్కో జాకెట్టుకు సగటున నాలుగు రోజులు పడుతుంది. మొహమాటపడి 60 ఒప్పుకుంటే పన్నెండు రోజులు. ఆవిడ వేగం తగ్గలేదు, బద్ధకించిందీ లేదు. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో గణితంతో నిరూపించిన సూత్రం ఇదే. చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. బ్యాంకు క్యూకైనా, ఆస్పత్రి ఓపీకైనా, మీ మెయిల్‌బాక్సుకైనా ఇదే లెక్క.

నిజానికి పరిస్థితి ఈ లెక్క కన్నా అధ్వానంగా ఉంటుంది. గుట్ట పెరిగేకొద్దీ ఫోన్లు పెరుగుతాయి. “అక్కా, నా జాకెట్టు అయిందా?” “హుక్కులే మిగిలాయమ్మా, రేపు సాయంత్రం వచ్చెయ్.” ఫోను పెట్టేశాక ఆ కవరు వెతికి తీస్తే అసలు గుడ్డే కత్తిరించలేదు. కుడుతున్నది పక్కన పెట్టి దాన్ని మొదలెడుతుంది. ఇంకో ఫోను, ఇంకో కవరు. చీకటి పడేసరికి కత్తిరించినవి పది, పూర్తయినవి మూడు.

ఇలా మార్చి మార్చి చేస్తే ఏం పోతుందో కాగితం మీద చూడొచ్చు. మీ దగ్గర రెండు పనులున్నాయి, ఒక్కోటి ఐదు రోజులది. ఒకటి ముగించి రెండోది పట్టుకుంటే మొదటిది ఐదో రోజున, రెండోది పదో రోజున అవుతాయి. రోజుకొకటి చొప్పున మారుస్తూ చేస్తే మొదటిది తొమ్మిదో రోజున, రెండోది అదే పదో రోజున. రెండో పని ఇచ్చినాయనకు ఒరిగిందేమీ లేదు, మొదటాయన నాలుగు రోజులు ఊరికే ఆగాడు. ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి శ్రమే లేదనుకుంటే వచ్చే లెక్క ఇది. ఆ శ్రమ ఉందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. సగంలో వదిలిన పని తాలూకు ఆలోచన తర్వాతి పనిలోకీ వెంటవస్తుంది, దాంతో రెండోది కుంటుతుంది. మొదటి పనిని బిగువైన గడువులో పూర్తిచేసినవాళ్లు మాత్రం దాన్ని తేలిగ్గా మరిచిపోగలిగారు. గడువుకు నేను మార్కులు వేసేది ఇక్కడే.

టయోటా ఫ్యాక్టరీలో తైచి ఓనో పెట్టిన కాన్‌బాన్ పద్ధతి పనులకు ఇలాంటి హద్దే వేస్తుంది. ఫలానా భాగం కావాలని తర్వాతి దశ నుంచి కార్డు రాకుండా దాన్ని తయారు చేయకూడదు, కార్డులేమో లెక్కగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనులు రాసిపెట్టుకునే బోర్డుల మీద ‘డూయింగ్’ (చేస్తున్నవి) గడిలో ఇన్నింటికి మించి ఉండకూడదనే నియమం అక్కణ్నుంచి వచ్చిందే.

మరి మన అష్టావధానులు ఎనిమిది పనులు ఒకేసారి చేస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. సభలో కూర్చుని గమనించండి. అవధాని ఒక పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న అడిగేవాడికి, ఒక పాదం చెప్పాకే ఇంకొకరి వైపు తిరుగుతారు. అలా నాలుగు ఆవృత్తాలు. చెప్పిన పాదం ఇక మారదు, చివర్లో పద్యాలన్నీ గుర్తుంచుకుని చెప్పే ధారణలో దాన్నే అప్పజెప్పాలి. మధ్యలో ఘంటానాదం, అప్రస్తుత ప్రసంగం పెట్టిందే ఏకాగ్రత చెడగొట్టడానికి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. దారులు మూసుకుపోయేకొద్దీ వెతకాల్సిన చోటూ తగ్గుతుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటున్న విద్యను మల్టీటాస్కింగ్ అనడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

హద్దులు బాగుంటాయని దేన్నిబడితే దాన్ని కోసేస్తే ఫలితం తిరగబడుతుంది. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో ఒక పరిశోధన ప్రచురించారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక ఒకసారి తెలివితేటల పరీక్షలు పెట్టారు. చెరకే ఎందుకంటే మిల్లు వంతులవారీగా నరికిస్తుంది. ఒక ఊళ్లోనే ఒకరి తోట ముందు, ఒకరిది తర్వాత కోతకొస్తుంది కాబట్టి తేడాకు ఎండనో వాననో కారణమని చెప్పడానికి వీల్లేదు. కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడక అప్పులతో నడుపుకొచ్చే రోజుల్లో, అదే రైతు అవే రకం పరీక్షల్లో వెనకబడ్డాడు. డబ్బు టెన్షన్ బుర్రలో చోటు ఆక్రమిస్తుందని వాళ్ల వాదన.

కాబట్టి మనుషుల్ని తగ్గించి, తేదీలు ముందుకు జరిపి, ఇక చూడండి పని ఎలా పరుగెడుతుందో అనే మేనేజరుకు ఈ ప్రయోగాలేవీ సాక్ష్యానికి రావు. ప్రూఫులు దిద్దినవాళ్లకు పాఠం పాఠానికీ వారం ఇచ్చారు, మధ్యలో నాలుగోది తెచ్చి పడేయలేదు. పది పనులు చేతిలో పెట్టి పదింటికీ రేపే గడువు అంటే, ఆ గడువు లిటిల్ లెక్కను మార్చదు. రోజుకు రెండు పూర్తిచేసే మనిషికి పదీ ముగియడానికి ఐదు రోజులు పడుతుంది.