ముప్ఫై రెండు ఎక్కణ్ణించి వచ్చింది?

చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "చిన్నికి నూటొకటి ఉంది నాన్నా" అన్నప్పటి నుంచి రాత్రంతా నాకు టెన్షనే. పొద్దున్న తగ్గిందన్నాక మనసు కుదుటపడింది. అప్పుడు నువ్వడిగావు చూడు చిన్నీ, "నీళ్ళు నూరు దగ్గరే మరుగుతాయి కదా, నూటొకటి వచ్చినా నేనెందుకు మరగలేదు?" అని! ఆ ప్రశ్నకు ఫోన్లో తొందరగా చెప్పేస్తే సరిపోదు. అందుకే ఈ ఉత్తరం.

బళ్ళో చెప్పింది సెల్సియస్ లెక్క. మనం జ్వరం చూసుకునేది ఫారన్‌హీట్ లెక్కలో. ఇందులో నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర, మరిగేది 212 దగ్గర.

ఈ లెక్క తయారుచేసిన డేనియల్ ఫారన్‌హీట్ 1686లో డాంజిగ్ అనే రేవు పట్నంలో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. అతనికి పదిహేనేళ్ళప్పుడు విషపు పుట్టగొడుగులు తిని అమ్మా నాన్నా ఒకే రోజు పోయారు. వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపిస్తే, ఆ పిల్లవాడి మనసంతా గాజు గొట్టాల మీదకే పోయింది. గాజు ఊదడం నేర్చాడు.

అప్పట్లో చాలామంది తమకు తోచినట్టు గీతలు గీసుకునేవారు. నా థర్మామీటర్ పన్నెండంటే మీది ఇరవై అనొచ్చు. అలాంటప్పుడు ఒకరి అంకె ఇంకొకరికి ఏం పనికొస్తుంది? 1714లో ఫారన్‌హీట్ రెండు థర్మామీటర్లు చేసి జర్మనీలోని హాలే ఊరి ప్రొఫెసర్ వోల్ఫ్‌కి ఇచ్చాడు. రెండూ ఒకే అంకె చూపిస్తుంటే ఆయన ఆశ్చర్యపోయాడు. నన్నడిగితే ఫారన్‌హీట్ చేసిన అసలు గొప్ప పని అదే.

ఆ రెండింట్లో ఉన్నది ఆల్కహాల్. అది నీళ్ళకంటే ముందే మరిగిపోతుంది కాబట్టి మరిగే నీళ్ళను కొలవలేదు. అందుకని పాదరసం పట్టాడు. గాజుకి అంటుకోకుండా దాన్ని శుభ్రం చేసే పద్ధతి కూడా కనిపెట్టాడు.

ఇక అంకెలు. 1708లో అతను కోపెన్‌హేగెన్ వెళ్ళి రోమర్ అనే ఖగోళ శాస్త్రవేత్తను కలిశాడు. రోమర్ లెక్కలో నీళ్ళు గడ్డకట్టేది ఏడున్నర దగ్గర, ఒంటి వేడి ఇరవై రెండున్నర. ఈ అరలతో చిక్కు అనుకుని అన్నిటినీ నాలుగుతో హెచ్చవేశాడు. 30, 90 వచ్చాయి. ఆ రెండిటి నడుమ 60 భాగాలు. అరవైని సగం చేస్తే ముప్ఫై, మళ్ళీ చేస్తే పదిహేను, అక్కడ ఆగిపోతుంది. అందుకే వాటిని 32, 96గా మార్చాడు. ఇప్పుడు రెండిటి నడుమ 64 భాగాలు. నడుమ ఒక గీత, ప్రతి సగం నడుమ మళ్ళీ గీత. ఇలా ఆరుసార్లు చేస్తే డిగ్రీలన్నీ సమానంగా వచ్చేస్తాయి.

మరి సున్నా? మంచు, నీళ్ళు, నవాసారం కలిపితే వచ్చే చలి అది. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు వాడతారే, ఆ నవాసారమే. ఇదంతా 1724లో లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి రాసి పంపాడు. తర్వాతివాళ్ళు 32కీ 212కీ మధ్య సరిగ్గా 180 భాగాలుండేలా స్థిరపరిచారు. దాంతో ఒంటి వేడి 96 నుంచి 98.6కి జరిగింది.

పొడుగాటి కాయితం ముక్క ఒకటి తీసుకుని ఆరుసార్లు సగానికి మడవండి. విప్పి గళ్ళు లెక్కపెట్టి, ఒక చివర 32, రెండో చివర 96 రాయండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తే, మన ఇంటి థర్మామీటర్ పక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య