ముందు గుణం, తర్వాత కారణం: లిథియం నేపథ్యం

ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ రుగ్మతకు నేటికీ డాక్టర్లు రాసే ముఖ్యమైన మందు లిథియం. చూస్తే అది ఆ పేరుగల లోహపు మామూలు లవణం. 1817లో స్వీడన్‌ శాస్త్రవేత్త ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజంలో ఈ లోహాన్ని గుర్తించారు. గ్రీకులో 'లిథోస్' అంటే రాయి. యూరిక్ ఆమ్లాన్ని కరిగిస్తుందన్న నమ్మకంతో 19వ శతాబ్దంలో దీన్ని గౌట్ అనే కీళ్ల నొప్పులకు ఇచ్చేవారు.

మనసు దాకా దీన్ని తెచ్చింది మాత్రం ఒక తప్పుడు ఊహ. ఉన్మాదం వచ్చినవారి ఒంట్లో ఏదో విషం పేరుకుంటుందని మెల్‌బోర్న్ వైద్యుడు జాన్ కేడ్ అనుమానించారు. రోగుల మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూశారు. మూత్రంలోని యూరిక్ ఆమ్లం పాత్రను పరీక్షించాలనుకున్నారు. అది నీటిలో సరిగా కరగదు కాబట్టి, బాగా కరిగే లిథియం యూరేట్‌ను వాడారు. జంతువులు నెమ్మదించాయి. ఊహ వీగిపోయినా లవణం మిగిలింది. ముందు తానే మింగి చూసుకుని, పది మంది ఉన్మాద రోగులకు ఇచ్చి, ఫలితాలను 1949లో ప్రచురించారు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉన్న మొదటి రోగి కోలుకుని ఇంటికి వెళ్లారు. 1950లో అదే లిథియం విషమై చనిపోయారు.

1949లోనే అమెరికాలో గుండె రోగులు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ వాడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాంతో ఈ మందుకు చెడ్డపేరు వచ్చింది. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో పద్ధతి ప్రకారం పరీక్షించి దాన్ని మళ్లీ నిలబెట్టారు. అమెరికా అనుమతి 1970 దాకా రాలేదు. పేటెంటు దొరకని లవణం మీద కంపెనీలకు ఆసక్తి ఎందుకుంటుంది?

ఇక మెదడులో అది చేసే పని. లిథియం సోడియంలా నాడీకణాల్లోకి చొరబడుతుంది. లోపల మెగ్నీషియం ఉండవలసిన చోట కూర్చుని కొన్ని ఎంజైములను అడ్డుకుంటుంది. అందులో ఒకటి, కణాల్లో సంకేతాలకు కావలసిన ఇనాసిటాల్ అనే పదార్థాన్ని తిరిగి తయారుచేసేది. ఇనాసిటాల్ తగ్గితే, మితిమీరి పనిచేస్తున్న కణాల్లో సంకేతాల జోరు తగ్గుతుందని 1980లలో ప్రతిపాదించారు. జీఎస్‌కే-3 అనే మరో ఎంజైమునూ లిథియం అణచివేస్తుందని 1996లో తేలింది. మందు గుణం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది కాబట్టి, కణాల్లో నెమ్మదిగా జరిగే మార్పులే అసలు సంగతి అనిపిస్తుంది. అయినా పూర్తి చిత్రం ఇంకా అందలేదు.

లిథియం వాడేవారికి రక్తపరీక్ష తప్పనిసరి కావడానికి కారణం కిడ్నీలు. అవి లిథియాన్ని సోడియంలాగే చూస్తాయి. మన మే నెల ఎండల్లో చెమట పట్టి ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే, సోడియంతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుకుంటాయి. రోజూ వేసుకునే మాత్ర అదే అయినా రక్తంలో స్థాయి పెరిగిపోతుంది.