అండమాన్‌లో వేసవి డైవింగ్: అపోహలు - వాస్తవాలు

నేను అండమాన్‌లోని హావ్‌లాక్‌లో డైవింగ్ నేర్పిస్తాను. 2018లో దీని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారినా, జెట్టీ దగ్గర చాలామంది ఇప్పటికీ పాత పేరే పలుకుతారు. ఎండలు మొదలయ్యాయంటే తెలుగువాళ్ల ఫోన్లు ఎక్కువవుతాయి. ఏటా వినే మాటలే కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వానలు జూన్‌లో కదా, మే నెలాఖరున వస్తే సరిపోతుంది.

ఎక్కువమంది సెలవులు పాడయ్యేది ఈ లెక్క వల్లే. జూన్ 1 అనేది కేరళకు. నైరుతి రుతుపవనాలు అంతకంటే ముందే, మామూలుగా మే 20 అటూ ఇటూగా అండమాన్‌ను తాకుతాయి. మన ఊళ్లలో రోహిణి కార్తె ఎండలు మండిపోయే రోజులకు ఇక్కడ మబ్బు కమ్మి, సముద్రం లేచి ఉంటుంది. ఫెర్రీలు కూడా రద్దవుతుంటాయి. పిల్లల పరీక్షలు అవగానే, ఏప్రిల్ చివర్లోనో మే మొదటి వారంలోనో రండి. తుఫాను ఏదీ లేకపోతే సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు 29, 30 డిగ్రీల్లో ఉంటాయి. 5 దాటగానే తెల్లారిపోతుంది కాబట్టి పొద్దున్నే మొదటి పడవకు సిద్ధంగా ఉండండి.

అపోహ: అలలు లేవంటే నీళ్లు తేటగా ఉన్నట్టే.

పైన అద్దంలా ఉన్నా కింద మసకగా ఉండొచ్చు. అలలతో పాటు తిథి కూడా చూడాలి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్ల తేడా బాగా ఎక్కువ. నీరు గట్టిగా లాగుతుంది, అడుగున ఇసుక కలిసిపోతుంది. అష్టమి దాటాక ఆ లాగుడు తగ్గుతుంది. భీమిలిలో మా తాత వేటకెళ్లే ముందు తిథి చూసేవాడు. నేనూ ఇక్కడ పడవ ఎక్కే ముందు అదే చూస్తున్నాను. స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైనే తేలడం) చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ముఖం నీళ్లలో పెట్టి చేపలు చూస్తుంటే ఎంత దూరం కొట్టుకుపోయామో తెలియదు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయొద్దు.

అపోహ: ఈత రాకపోతే స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో చేసే డైవింగ్) కుదరదు.

శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్లే మొదటి డైవ్‌కు ఈత అక్కర్లేదు, లోతు కూడా 12 మీటర్లు దాటదు. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం ఈత రావాలి. అన్నట్టు, సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే, ఉత్త ఆక్సిజన్ కాదు.

అపోహ: కొంచెం జలుబుంటే ఏమవుతుంది?

చెవి దెబ్బతింటుంది. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే చెవి సర్దుకోవాలి. ముక్కు దిబ్బడ వేస్తే గాలి దారి మూసుకుపోతుంది. ఒకాయన డబ్బు కట్టేశాననే టెన్షన్‌తో జలుబు సంగతి దాచాడు. 4 మీటర్లలోనే నొప్పితో మెలికలు తిరిగిపోతే పైకి తెచ్చేశాను. ఆ రోజంతా ఆయన చెవి పట్టుకునే కూర్చున్నాడు. దయచేసి దాచకండి, రోజు మార్చుకుందాం.

అపోహ: నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే సముద్రానికి అంత మంచిది.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. పగడం రాయి కాదు, లక్షల చిన్న ప్రాణుల గూడు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే వాటికి తిండి, రంగు ఇస్తుంది. నీళ్లు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి వదిలేసి తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున అలా పాలిపోయాయి. తెల్లబడిన పగడం వెంటనే చచ్చిపోదు, నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. ఆకలితో ఉన్న ఆ సమయంలో మన కాలికి తొడిగిన ఫిన్ తగిలినా, ఫోటో కోసం దాని మీద నిలబడినా తట్టుకోలేదు. ఒడ్డున పడిన పగడం ముక్కను కూడా బ్యాగులో వేసుకోకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం.

అపోహ: పొద్దున డైవ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కేయొచ్చు.

వద్దు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. పైన విమానంలో గాలి ఒత్తిడి తగ్గితే అది బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను పూర్తి రోజు వదిలేయమంటాను. డైవ్‌లు ముందు పెట్టుకుని, రాధానగర్ బీచ్‌ను చివరి రోజుకు ఉంచుకోండి.