అంత సన్నటి చెక్క మీద గెంతొచ్చా తాతయ్యా?

బంగారు తల్లీ, చిన్నోడా,

మీ నాన్న పంపిన ఫోటో చూశాను, దాని కింద తల్లీ, నువ్వు పెట్టిన వాయిస్ మెసేజీ విన్నాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బోథెల్‌లో మీ కొత్తింటి పై ఫ్లోర్‌కి ఐ-జాయిస్టులు, అంటే ఇంగ్లీషు I అక్షరంలా ఉండే చెక్క దూలాలు, వేశారు, "మధ్యలో ఉన్న పలక నా వేలంత మందం కూడా లేదు, అదీ చెక్కముక్కలు అతికించింది, తమ్ముడూ నేనూ గెంతితే విరిగిపోదా" అని కదా నీ అనుమానం. ఫ్లోర్ పూర్తయ్యాక గెంతొచ్చమ్మా, నిక్షేపంగా గెంతొచ్చు. ఎందుకో చెప్పాలంటే ముందు మనూరి తాటిచెట్టు దగ్గరికి రావాలి.

మా చిన్నప్పుడు మాది పెంకుటిల్లు, దూలాలూ వాసాలూ అన్నీ తాటివే. ముదురు తాడిని కొట్టించి వడ్రంగి మేస్త్రి నిలువునా చీలుస్తుంటే నేను బడి ఎగ్గొట్టి మరీ అక్కడే కూర్చునేవాణ్ణి. బయట చుట్టూ నల్లటి చేవ, బాడిస దెబ్బ పడితే ఖంగుమనేది, మధ్యలో మాత్రం మెత్తటి బెండు, గోటితో గిల్లినా ఊడొచ్చేది. మేస్త్రి బెండంతా చెక్కి పారేసి చేవ ఒక్కటే ఉంచుకునేవాడు. అంతెత్తు చెట్టు, తలమీద గెలల బరువు, తుఫాను గాలికి ఊగి ఊగి మళ్లీ నిటారుగా నిలబడేది ఆ చేవ బలంతోనే. గాలి తోస్తే ఒక పక్క చేవ సాగుతుంది, రెండో పక్క చేవ నొక్కుకుంటుంది, మధ్యలో బెండుకి పెద్ద పనేం లేదు, ఆ రెండిటినీ ఎడంగా పట్టి ఉంచితే చాలు.

ఇప్పుడు ఆ తాటిమానుని అడ్డంగా పడుకోబెట్టండి, అదే మీ ఐ-జాయిస్ట్. మీరు గెంతితే దూలం పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, కష్టంలో ఎక్కువ భాగం ఆ రెండు అంచులదే. అందుకే పైనా కిందా చేవలాగా గట్టి పట్టీలు పెట్టి, మధ్యలో బెండు బదులు ఆ పలక నిలబెట్టారు. పట్టీలు చాలావాటికి ఎల్వీఎల్, అంటే చెట్టుమానుని పల్చటి పొరలుగా ఒలిచి, పొర మీద పొర జిగురుతో అతికించింది, కొన్నిటికి మామూలు చెక్కే ఉంటుంది. మధ్య పలక ఓఎస్బీ, చెక్క పెచ్చుల్ని జిగురు కలిపి వేడిగా ఒత్తింది. మందం చాలావాటిలో 3/8 అంగుళం, అంటే సెంటీమీటరు కూడా లేదు, అయినా దూలం ఎత్తు దాదాపు 12 అంగుళాలు! ఎత్తులోనే ఉంది కిటుకంతా. నిండు చెక్క దూలానికి మందం మార్చకుండా ఎత్తు రెట్టింపు చేస్తే అది ఎనిమిది రెట్లు తక్కువ వంగుతుంది, రెండు కాదు ఎనిమిది, నాకు ఇప్పటికీ అబ్బురమే. నమ్మకపోతే మీ ప్లాస్టిక్ స్కేలు రెండు పుస్తకాల మధ్య పడుకోబెట్టి నొక్కండి, తర్వాత అంచు మీద నిలబెట్టి నొక్కండి.

ఇనుముతో ఈ ఆకారం అంతకు ముందే ఉంది, చెక్కతో చేసి అమ్మకానికి తెచ్చింది మాత్రం మీ పక్క రాష్ట్రం ఐడహోలోనే, బాయిజీ ఊళ్లో ట్రస్ జాయిస్ట్ అనే కంపెనీ, 1969లో. ఆర్ట్ ట్రౌట్నర్ అని ఒకాయన, హెరాల్డ్ థామస్ అని కలప వ్యాపారం తెలిసిన ఇంకొకాయన కలిసి పెట్టిన కంపెనీ అది.

అంతకుముందు అక్కడ ఇంటి ఫ్లోర్ వెయ్యాలంటే చాలావరకు నిండు చెక్క దూలాలే. అంత పొడవు, అంత వెడల్పు ఒకే ముక్కగా రావాలంటే పెద్ద మాను పడాలి, డగ్లస్ ఫర్ లాంటిది, వందల ఏళ్లు బతికే చెట్టు. పైగా నిండు చెక్క ఇంట్లో ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ఒక్కోటి మెలి తిరుగుతుంది, నడిస్తే కిర్రుకిర్రుమంటుంది. ఐ-జాయిస్ట్‌కి సన్న చెట్లు, తొందరగా ఎదిగేవి సరిపోతాయి, అదే పనికి కలప సుమారు సగమే పడుతుంది, 40 అడుగులు కావాలన్నా ఒకే ముక్కగా, వంకర లేకుండా వస్తుంది. మనింటి పక్క పాత టేకు చెట్టు కొట్టేసిన రోజు మా నాయనమ్మ అన్నం తినలేదు, ఆవిడ ఇది చూసుంటే ఎంత సంతోషించేదో. పెద్ద చెట్టుని కొట్టే ముందు ఇంకో దారి ఉందేమో వెతకాలి పిల్లలూ, ఇలా తెలివి పెట్టి వెతికితే దొరుకుతుంది.

మళ్లీ తాటిచెట్టు దగ్గరికే వస్తా. మా చేలో ఒక తాడికి చిలకలు తొర్ర చేసుకుని బెండులో కాపురం పెట్టాయి, ఎన్నేళ్లయినా చెట్టు చెక్కుచెదరలేదు. మీ దూలాల్లోనూ అంతే, వైర్లూ పైపులూ పోవడానికి మధ్య పలకలో కన్నం పెట్టొచ్చు. అలాగని ఎక్కడబడితే అక్కడ కాదు, గోడ మీద ఆనే చివర్ల దగ్గర పెద్ద కన్నం పనికిరాదు, పెద్దవి దూలం నడిమధ్యకి దగ్గరగా ఉండాలి, ఏ సైజు ఎక్కడ అన్నది కంపెనీ పట్టికలో ఉంటుంది. పై పట్టీ, కింది పట్టీ మాత్రం రంపంతో గీటు కూడా పెట్టకూడదు. చేవకి గొడ్డలి దెబ్బ పడిన తాడిని తర్వాతి గాలివాన ఊరుకుంటుందా?

ఇంకొకటి, నిప్పు సంగతి చెప్పకుండా ఉంటే తప్పవుతుంది. పలక పల్చన కదా, మంట తగిలితే నిండు దూలం కంటే ముందే కాలి బలం పోతుంది. అందుకే అక్కడ చాలా చోట్ల కొత్త ఇళ్లలో దూలాల కింద అర అంగుళం జిప్సం బోర్డు గానీ, దానికి సమానమైన రక్షణ గానీ ఉండాలని రూల్ ఉంది, మీ ఇంటికీ కొడతారు, బేస్‌మెంట్‌లో అది తీసేద్దాం అని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఈ శనివారం నాన్నతో సైట్‌కి వెళ్లండి, కింద నిలబడే చూడండి, పైకి ఎక్కొద్దు, పైన షీట్లు కొట్టేదాకా ఆ దూలాలు పక్కకి ఒరిగిపోవచ్చు, పెద్దవాళ్లకే ప్రమాదం. పలక మీద కొన్ని చోట్ల గుండ్రటి గీతలు ఉంటాయి, సుమారు అంగుళంన్నర వెడల్పు, సుత్తితో తడితే ఊడి కన్నం అవుతుంది, అవెంతెంత దూరంలో ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. ప్లంబర్ ఎక్కడైనా పట్టీని కోశాడేమో చూసి, కోసుంటే నాన్నకి చెప్పి ఫోటో తీయించండి. జిప్సం బోర్డు కొట్టేశారంటే ఇక ఏదీ కనపడదు, ఆ లోపే వెళ్లండి.

ముద్దులతో,
మీ తాతయ్య