తామ్రలిప్త జాతీయ సర్కార్: గ్రూప్స్ నోట్సుల్లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

కర్నూలు, అనంతపురం కోచింగ్ నోట్సుల్లో "సమాంతర ప్రభుత్వాలు" అరపేజీ మించి ఉండదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో జనం బ్రిటిష్ పాలనను పక్కకు నెట్టి తామే నడుపుకున్న స్థానిక సర్కార్లు ఇవి. బల్లియా (ఉత్తరప్రదేశ్) - చిత్తూ పాండే, తామ్లుక్ (బెంగాల్) - సతీశ్ సామంత, సతారా (మహారాష్ట్ర) - నానా పాటిల్. తామ్లుక్‌లో వచ్చినదే తామ్రలిప్త జాతీయ సర్కార్. ప్రిలిమ్స్ బిట్టుకు అది చాలు. మెయిన్స్‌లో అడిగితే మాత్రం రెండో పేరాకే సరుకు అయిపోతుంది. చరిత్ర చెప్పేవాళ్ళుగా, జవాబులు దిద్దేటప్పుడు మాకు పదే పదే తగిలే తప్పులు ఇవి.

అపోహ: తామ్లుక్ దేశం నుంచి విడిపోయి స్వతంత్ర రిపబ్లిక్ అయింది.

కాలేదు. 1942 డిసెంబరు 17న బెంగాల్‌లోని మేదినీపూర్ జిల్లాలో ఏర్పడిన ఈ సర్కారు, రాబోయే స్వతంత్ర భారత సమాఖ్యలో తానొక భాగమని చెప్పుకుంది. తెంచుకున్నది బ్రిటిష్ పాలనతోనే. విస్తీర్ణం కూడా పెద్దదేం కాదు. మన ఆదోనిలాంటి ఒక సబ్ డివిజన్, అందులో తామ్లుక్, మహిషాదల్, సూతాహాటా, నందిగ్రామ్ అనే నాలుగు ఠాణాలు (పోలీసు స్టేషన్ల పరిధులు). "బెంగాల్‌లో సమాంతర ప్రభుత్వం" అని రాస్తే బెంగాలంతా అనే అర్థం వస్తుంది. ఠాణాల పేర్లు రాయండి.

అపోహ: మాతంగినీ హజ్రా ఈ సర్కారు నాయకురాలు.

తేదీలు పక్కపక్కన పెడితే తేలిపోతుంది. ఆమె తామ్లుక్ ఊరేగింపులో జెండా పట్టుకుని తూటాలకు ఒరిగింది 1942 సెప్టెంబరు 29న. సర్కారు వచ్చింది ఆ తర్వాత రెండున్నర నెలలకు. ఆ రోజు ఠాణాల మీదికి వెళ్ళిన జనానికి దక్కింది సూతాహాటా ఒక్కటే.

అపోహ: గాంధీజీ పిలుపు ఇచ్చారు, జనం సర్కారు పెట్టేశారు.

అన్ని తప్పుల్లోకీ ఇదే పెద్దది, ఎందుకంటే కారణాలన్నీ ఇందులో మాయమైపోతాయి. జపాన్ వాళ్ళు దిగుతారన్న భయంతో 1942లో ప్రభుత్వం బెంగాల్ తీరంలో పది మందికి మించి పట్టే పడవలను లాగేసుకుంది, వడ్లను తీరప్రాంతం నుంచి తరలించింది. నదీముఖంలో పడవ పోతే చేపల వేట లేదు, సంత లేదు, అవతలి గట్టు పొలానికి దారి లేదు. సెప్టెంబరు 8న దానిపూర్‌లో మిల్లు నుంచి బియ్యం బయటికి పోకుండా ఊళ్ళవాళ్ళు అడ్డం తిరిగితే పోలీసులు కాల్చారు. అంటే పెద్ద ఊరేగింపులకు మూడు వారాల ముందే గొడవ బియ్యం దగ్గర రాజుకుంది.

ఆపైన అక్టోబరు 16 తుఫాను. ఉప్పెనతో కలిపి సుమారు 14,500 మంది, 1,90,000 పశువులు పోయినట్టు బెంగాల్ కరువుపై వేసిన విచారణ సంఘం లెక్క. వార్తను రెండు వారాల పాటు పత్రికల్లో రానివ్వలేదు. తిరగబడ్డ ఊళ్ళకు సహాయం ఎందుకన్న ధోరణి అధికారుల్లో కనిపించింది. మేదినీపూర్ విషయంలో ప్రభుత్వ తీరును తప్పుపడుతూ బెంగాల్ మంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ నవంబరులో రాజీనామా చేశారు. గంజి కేంద్రాల కథలు విన్న సీమవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గంజి పోసేవాడు ఎవడో వాడే సర్కారు. డిసెంబరు నాటికి తామ్లుక్‌లో ఆ చోటు ఖాళీగా ఉంది.

అపోహ: అది కాగితం మీది సర్కారు.

పైన సర్వాధినాయకుడు, కింద శాఖలు: న్యాయం, శాంతిభద్రతలు, ఆరోగ్యం, విద్య, వ్యవసాయం, ప్రచారం. ఠాణా స్థాయిలోనూ జాతీయ సర్కార్లు. పంచాయితీలు ఊళ్ళోనే తెమిల్చే కోర్టులు, "విప్లవి" అనే పత్రిక, "విద్యుత్ వాహిని" అనే దళం. నాయకుడు పట్టుబడితే తర్వాత ఎవరన్నది ముందే తేల్చిపెట్టుకున్నారు. 1943లో మొదటి సర్వాధినాయకుడు సతీశ్ సామంత అరెస్టయితే అజయ్ ముఖర్జీ, ఆయన తర్వాత మరొకరు. 1944 ఆగస్టు-సెప్టెంబరు దాకా నిలవడానికి ఈ ఏర్పాటు ఒక కారణం, తెగిపోయిన రోడ్లు, వాగులు ఇంకో కారణం.

బల్లియాను దీనితో పోల్చి చూడండి. 1942 ఆగస్టులో కలెక్టరే జైలు తలుపులు తీయించాడు, చిత్తూ పాండే బయటికొచ్చి పాలన చేపట్టారు. రైలు దారి ఉన్న జిల్లా కేంద్రంలో బాహాటంగా కూర్చున్నారు, దళం లేదు, రెండో వరుస నాయకులు లేరు. సైన్యం దిగగానే వారం లోపే ముగిసింది. సతారాలో నానా పాటిల్ మనుషులు పూర్తిగా అజ్ఞాతంలో ఉండి, ఊరూరా న్యాయదాన మండళ్ళు, తూఫాన్ సేన అనే దళం నడుపుతూ 1946 దాకా లాగారు.

అపోహ: అంతా అహింసే.

దాచకండి. ద్రోహులని అనుమానించిన వాళ్ళను ఎత్తుకెళ్ళడం, జరిమానాలు, చంపడం కూడా తామ్లుక్‌లో జరిగాయి. ఎదురు పోలీసు దమనకాండ అంతకు ఎన్నో రెట్లు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలతో సహా. 1945 డిసెంబరులో మహిషాదల్ వచ్చిన గాంధీజీ తెగువను మెచ్చుకున్నారు గానీ ఆ దారిని అహింస అని ఒప్పుకోలేదు. రెండూ రాస్తేనే జవాబు నిలుస్తుంది.

అపోహ: "కర్నూలు సర్క్యులర్" సమాంతర ప్రభుత్వం పెట్టమంది.

మన జిల్లా పేరు ఉంది కదా అని చాలామంది దీన్ని ఇక్కడ ఇరికిస్తారు. 1942 జూలై 29 నాటి ఆ పత్రం ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీది, కళా వెంకటరావు పేరుతో ముడిపడింది. కర్నూలులో పోలీసులకు చిక్కింది కాబట్టి ఆ పేరు. అందులో ఉన్నది మెట్లు మెట్లుగా ప్రభుత్వాన్ని ఆపే పద్ధతి: శాసనోల్లంఘన, టికెట్ లేని ప్రయాణం, రైలు గొలుసు లాగడం, చివరి దశల్లో టెలిగ్రాఫ్ తీగలు తెంచడం. పట్టాలు పీకొద్దనీ, గాంధీజీ నిర్ణయించేదాకా ఏదీ మొదలుపెట్టొద్దనీ హెచ్చరికలు కూడా ఉన్నాయి. ఆగిపోయిన చోట ఏం నడపాలన్న మాట అందులో లేదు. మెయిన్స్‌లో పోలిక అడిగితే పట్టుకోవాల్సింది ఇదే: సర్క్యులర్ ప్రభుత్వాన్ని ఆపడం గురించి, తామ్లుక్ దాన్ని నడపడం గురించి.

అపోహ: రద్దు కాగానే అంతా మరుగున పడింది.

అజయ్ ముఖర్జీ 1967లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యారు. సామంత 1952 నుంచి దశాబ్దాల పాటు తామ్లుక్ ఎంపీ. విద్యుత్ వాహిని నడిపిన సుశీల్ ధారా 1977లో అదే సీటు నుంచి గెలిచారు. నానా పాటిల్ 1957లో సతారా నుంచి లోక్‌సభకు వెళ్ళారు. వారసత్వం అడిగితే ఈ నాలుగు పేర్లు, ఈ సంవత్సరాలు రాయండి. "ప్రజల్లో స్ఫూర్తి నింపింది" అనే వాక్యానికి మార్కులు పడవు.