ఆదివారం మీది కిటికీ

చిరంజీవి బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. బాబాయి జపాన్ నుంచి పంపిన క్యాలెండర్‌లో ఆదివారం మీద కిటికీ బొమ్మ ఎందుకుందని అడిగావు. అది కిటికీ కాదమ్మా, సూర్యుడు! సూర్యుడని చెప్పే చైనా అక్షరం.

నలుచదరపు సూర్యుడేమిటని నవ్వకు. మూడు వేల ఏళ్ళ కిందట చైనాలో రాజుగారు వాన పడుతుందా, పంట పండుతుందా అని దేవుళ్ళను అడిగి, ఆ ప్రశ్నల్ని తాబేటి చిప్పల మీద, ఎద్దు ఎముకల మీద చెక్కించేవాడు. సూర్యుడంటే ఒక గుండ్రం, మధ్యలో చుక్క. కానీ గట్టి ఎముక మీద కత్తి వంపు తిరగదు. చిన్నప్పుడు నేను బ్లేడు ముక్కతో బడి బెంచీ మీద పేరు చెక్కబోతే అందులోని సున్నా డబ్బా అయి కూర్చుంది. పంతులుగారు చెవి మెలిపెట్టారనుకో. నువ్వు బెంచీల జోలికి పోకు, అవి అందరివీ. సరే, ఆ సూర్యుడు తర్వాత కంచు పాత్రల మీద కొన్నాళ్ళు మళ్ళీ గుండ్రబడ్డాడు గానీ, కుంచె రాత వచ్చాక నలుచదరంగానే స్థిరపడ్డాడు. చుక్క సాగి అడ్డగీత అయింది.

మీ అమ్మని పుట్టింట్లో అక్క అంటారు, మనింట్లో వదిన అంటారు. మనిషి ఒకరే కదా? ఈ అక్షరమూ అలాంటి కోడలే. పుట్టిల్లు చైనాలో ‘రి’, అక్కడే దక్షిణాన ‘యత్’. కొరియాలో ‘ఇల్’, వియత్నాంలో ‘న్యత్’. జపాన్ వాళ్ళు పుట్టింటి పేరును ‘నిచి’ అని పలుకుతూనే, తమ సొంత మాట ‘హి’ కూడా తగిలించారు. కొరియాలో సేజోంగ్ రాజు 1446లో సొంత అక్షరాలు ప్రకటించాడు. వియత్నాం రోమన్ లిపికి మారింది. అంటే కోడల్ని పుట్టింటికి పంపేసి పేరు మాత్రం అట్టే పెట్టుకున్నారన్నమాట. సూర్యుణ్ణి పట్టుకుని కోడలంటారేమిటని మీ నానమ్మ ఒకటే నవ్వు!

ఆ గుర్తుకి ‘రోజు’ అని కూడా అర్థం. అందుకే ఆదివారాన్ని పూర్తిగా రాస్తే అది రెండుసార్లు వస్తుంది: ‘నిచియోబి’. మొదట ‘నిచి’, చివర ‘బి’. ఇందాకటి ‘హి’యే మాట చివర ‘బి’ అయింది.

మన ఆదివారంలో ఉన్నదీ ఆదిత్యుడే. గ్రహాల పేర్లతో వారాలు లెక్కపెట్టే మన జ్యోతిషాన్ని 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడనే భిక్షువు చైనా భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథాన్ని కూకాయ్ అనే సన్యాసి 806లో జపాన్‌కు పట్టుకెళ్ళాడు. అంతదూరం, పడవ మీద!

సోమవారం మీద ఉన్నది చంద్రుడు. సూర్యుడి గుర్తూ, చంద్రుడి గుర్తూ పక్కపక్కన రాస్తే ‘వెలుతురు’. గురువారం మీద చెట్టుంది, ఎందుకంటే బృహస్పతిని అక్కడ చెట్టు గ్రహం అంటారు. మిగిలిన నాలుగింటిలో నిప్పు, నీళ్ళు, లోహం, మట్టి ఉన్నాయి. ఏది ఏ వారం మీదుందో బాబాయిని అడక్కుండా బాగా చూసి, పెన్సిల్‌తో రాసి పంపు.

మీ తాతయ్య