చిన్న రాడ్డు చేసే పని

ఇంటికి చుట్టాలొస్తే విశాఖ వాళ్లకు అరకు తప్పదు, దారిలో కటికి జలపాతమూ తప్పదు. మొన్న బొర్రా దగ్గర ఎక్కిన జీపులో, రాళ్ల ఎగుడు రాగానే పెద్దాయన బండి ఆపి గేర్ రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు లాగాడు. తర్వాత యాక్సిలరేటర్ జోలికే పోలేదు. "ఇక్కడ తోలకూడదు బాబూ, బండిని నడవనివ్వాలి" అన్నాడు.

ఆ రాడ్డు కింద ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, ఉంటుంది. రాడ్డు లాగి 'లో' (తక్కువ వేగం) వేస్తే అందులో ఇంకో జత గేర్లు పనిలోకి వస్తాయి. చిన్న పళ్లచక్రం పెద్దదాన్ని తిప్పితే, పెద్దది నెమ్మదిగా తిరుగుతుంది. ఎంత నెమ్మదిస్తే తిప్పే బలం, అంటే టార్క్, అంత పెరుగుతుంది. పొద్దున్నే కైలాసగిరి ఎక్కే సైకిల్ కుర్రాళ్లను చూడండి: కాళ్లు గిరగిరా తిరుగుతుంటాయి, సైకిల్ మాత్రం నత్తనడక. వేగం వదులుకుని బలం కొనుక్కోవడమే ఇదంతా.

గుండ్రటి అంకెలతో లెక్క వేద్దాం. ఫస్ట్ గేర్ వేగాన్ని 4 రెట్లు తగ్గిస్తుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ 2, యాక్సిల్ (చక్రాల ఇరుసు) దగ్గరి గేర్లు 4. గుణిస్తే 32. ఇంజిన్ 32 చుట్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్కటే. ఇంజిన్ ఇచ్చే 130 న్యూటన్ మీటర్ల టార్క్ చక్రాల దగ్గర 4,160 అవుతుంది (రాపిడికి కొంత పోతుందనుకోండి). 35 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రాలతో అది దాదాపు 1,200 కిలోల బరువును నిలువునా ఎత్తగల బలం. చిన్న జీపు బరువే అంత! టైర్లకు అంత పట్టు ఎక్కడిది? అవి ముందే జారిపోతాయి.

అందుకే 'లో' గొప్పతనం బలంలో కంటే నిదానంలోనే ఉందని నాకనిపిస్తుంది. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లతో ఊరికే ఆడుతున్నా, చక్రం 25 చుట్లే తిరుగుతుంది. గంటకు 3 కిలోమీటర్ల చిల్లర, మనిషి నడక కన్నా తక్కువ. ఏ రాయి మీద ఏ టైరు పెట్టాలో చూసుకునే తీరిక దొరుకుతుంది, క్లచ్ కాలదు.

ఎండిన తారు మీద మాత్రం ఇది వద్దు. ఇలాంటి చాలా బండ్లలో 'లో' వేస్తే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడా సర్దుకోవడానికి టైర్లు జారాలి. మట్టిలో జారతాయి, తారు మీద జారక గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు చక్రమే ఇంజిన్‌ను 32 రెట్ల వేగంతో తిప్పాలి, ఇంజిన్ అంత తేలిగ్గా తిరగదు కాబట్టి అదే బండిని పట్టి ఉంచుతుంది. అనంతగిరి ఘాట్‌లో బ్రేకులు మాడిన వాసన చాలాసార్లు పీల్చాను. ఆ పెద్దాయన మాత్రం రాళ్ల దారంతా బ్రేక్ ముట్టకుండానే దిగాడు.